మా ఊరికి రాని తుపాను

2019 ఆగస్టు 29న ఫ్లోరిడా గవర్నర్ రాన్ డిశాంటిస్ రాష్ట్రంలోని 67 కౌంటీలకూ ఎమర్జెన్సీ ప్రకటించారు. అదే రోజు ఓర్లాండో దగ్గర డిస్నీ వరల్డ్‌లో ‘స్టార్ వార్స్’ లోకం కొత్తగా తెరుచుకుంది. జనం రెండుచోట్లా బారులు తీరారు. సూపర్ మార్కెట్ల దగ్గర మంచినీళ్ళ సీసాల కోసం, డిస్నీ దగ్గర అంతరిక్ష నౌక ఎక్కడం కోసం. అట్లాంటిక్‌లో డోరియన్ అనే హరికేన్ బయల్దేరిందని రెండు క్యూలకీ తెలుసు. మొదటి క్యూ దాన్ని తిట్టుకుంటోంది. రెండో క్యూ మాత్రం, వస్తే టికెట్ డబ్బులు వెనక్కిస్తారా అని వాకబు చేస్తోంది.

చివరికి డోరియన్ ఫ్లోరిడా ఒడ్డెక్కలేదు. వచ్చిన తుపాను గురించి రాయడానికి విలేకరులున్నారు, నష్టం అంచనా వేయడానికి అధికారులున్నారు. రాని తుపానును పట్టించుకునేవాడు లేడు. అందుకే ఈ వారం దాని సంగతి.

జూన్ నుంచి నవంబరు దాకా ఫ్లోరిడావాడు పొద్దున్నే చూసేది ఒక బొమ్మ. మయామీలోని నేషనల్ హరికేన్ సెంటర్ ఆరు గంటలకోసారి విడుదల చేసే ‘కోన్’ అది. తుపాను కేంద్రం రాబోయే అయిదు రోజుల్లో ఎటు పోవచ్చో చూపే గరాటు. పాత అంచనాల్లో జరిగిన పొరపాట్లను లెక్కేసి దాని వెడల్పు నిర్ణయిస్తారు. మూడింట రెండు వంతుల సార్లు కేంద్రం ఆ గరాటులోనే ఉంటుంది, మిగతా సార్లు బయటికి పోతుంది. తుపాను ఎంత పెద్దదో, గాలీ వానా ఎంత దూరం కొడతాయో ఆ బొమ్మ చెప్పదు. గరాటు అంచు దాటగానే వాన ఆగిపోదని కిందే రాసి ఉంటుంది. కింద రాసింది ఎవడు చదువుతాడు? చూసేదల్లా మా వీధి అందులో ఉందా లేదా అని. ఉంటే ప్లైవుడ్ కొంటాడు, లేకపోతే బీరు కొంటాడు. అంచు మీద ఉన్నవాడు రెండూ కొంటాడు.

ప్లైవుడ్ కిటికీలకు కొట్టుకోవడానికి. దానిమీద రంగుతో నాలుగు వెటకారపు మాటలు రాయకపోతే కిటికీ నిలవదని అక్కడివాళ్ళ నమ్మకం. కొన్ని సూపర్ మార్కెట్ల బేకరీలవాళ్ళు ఆ వారం కేకుల మీద క్రీముతో సుడి చుట్టి, డోరియన్‌ను వెళ్ళిపొమ్మని రాసి అమ్మారు. అంతకు రెండేళ్ళ ముందు, ఇర్మా వచ్చినప్పుడు, అందరం కలిసి తుపాను మీద తుపాకులు పేలుద్దామని ఒక కుర్రవాడు ఫేస్‌బుక్‌లో సరదాగా పిలుపిచ్చాడు. వేలమంది ‘మేమూ వస్తాం’ అన్నారు. పాస్కో కౌంటీ షెరిఫ్ కార్యాలయం కంగారుపడి, తుపాను మీద కాల్పులు జరపకండి, అది వెనక్కి తిరగదు అని ప్రకటన ఇచ్చుకోవాల్సి వచ్చింది. ప్రభుత్వాలు ఎన్ని రకాల హెచ్చరికలు చేయాల్సి వస్తుందో చూడండి.

ఇక వాఫుల్ హౌస్. రాత్రీ పగలూ తెరిచుండే టిఫిన్ హోటళ్ళ గొలుసు అది. క్రెయిగ్ ఫుగేట్ అనే విపత్తుల అధికారి దాన్నే కొలబద్దగా పెట్టుకున్నాడు. హోటల్లో అన్నీ దొరికితే ఊరు ఆకుపచ్చ, కొన్నే దొరికితే పసుపు, తలుపు మూస్తే ఎరుపు. తర్వాత ఆయనే అమెరికా కేంద్ర విపత్తు సంస్థ ఫెమాకు అధిపతి అయ్యాడు. సర్కారు మాట కంటే టిఫిన్ సెంటర్ షట్టరును నమ్మే విషయంలో మనకూ వాళ్ళకూ తేడా లేదు.

స్థానికుడి గొడవ ఇల్లు. టూరిస్టు గొడవ వేరు. వాడికి అక్కడ ఇల్లు లేదు, కట్టేసిన డబ్బులున్నాయి. అది లేబర్ డే సెలవుల వారాంతం. ఆ రోజుల్లో హోటల్ కౌంటర్ల దగ్గర సంభాషణ ఎలా నడిచి ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

“తుపాను వస్తుందా?”

“ఇప్పుడే చెప్పలేమండి.”

“వస్తే డబ్బులు వెనక్కిస్తారా?”

“హరికేన్ వార్నింగ్ ఇస్తే మా నిబంధనల ప్రకారం ఇస్తామండి.”

“వార్నింగ్ ఇచ్చి, తుపాను రాకపోతే?”

“హాయిగా ఉండొచ్చండి.”

“హాయిగా ఉండటానికి రైడ్లు తెరిచి ఉండాలి కదా?”

సెప్టెంబరు 3న డిస్నీ పార్కులను వేళకు ముందే మూసేశారు. తీరా చూస్తే ఓర్లాండో మునగలేదు. వచ్చి ముంచితే తుపాను తప్పు, రాకపోతే మూసినవాడి తప్పు. తనను బతికించడానికి తలుపేసినవాణ్ణి క్షమించే టూరిస్టు ఇంకా పుట్టలేదు. ఓడల్లో బహామాస్‌కి బయల్దేరినవాళ్ళదీ అదే బాధ. ఓడ దారి మళ్ళింది, వేరే రేవులో దింపుతామన్నారు. బ్రోషర్లో చూపించిన ఇసుక వేరట!

ఆ ఇసుక మీద అప్పుడు ఏం జరుగుతోందంటే, సెప్టెంబరు 1 ఆదివారం నాడు డోరియన్ గంటకు 295 కిలోమీటర్ల గాలితో బహామాస్‌లోని అబాకో దీవుల్లో ఎల్బో కే దగ్గర ఒడ్డెక్కింది. అప్పటిదాకా అట్లాంటిక్ తుపాను ఏదీ అంతకంటే ఎక్కువ గాలితో నేల తాకిన దాఖలా లేదు. ఆ రాత్రికే గ్రాండ్ బహామా దీవికి చేరి, మర్నాడంతా అక్కడే చతికిలబడింది. గంటకు ఒక మైలు, ఒక్కోసారి అదీ లేదు. ఇరవై అడుగుల ఉప్పెన. ఫ్లోరిడా ఒడ్డు అక్కడికి నూరు మైళ్ళ పైచిలుకు.

ఆ రోజంతా ఫ్లోరిడావాళ్ళకు వచ్చింది విసుగు. వస్తానంది, ఇంకా రాదేం? ఎన్నాళ్ళని కిటికీలు మూసుకుని చీకట్లో కూర్చుంటాం? చిప్స్ అయిపోయాయి, పిల్లలు గోల పెడుతున్నారు, సెలవులు దండగైపోయాయి. తుపాను ఆలస్యమవుతోందని అందరికీ కోపమే. ఎక్కడ ఆలస్యమవుతోందో, ఎవరి నెత్తిన కూర్చుని ఆలస్యం చేస్తోందో ఆలోచించే ఓపిక కొద్దిమందిదే. మార్ష్ హార్బర్‌లో హైతీ నుంచి వలసవచ్చిన కూలీల పేట ఒకటుండేది, పేరు ‘ది మడ్’. చెక్కలతో కట్టుకున్న ఇళ్ళు. డోరియన్ వెళ్ళాక అక్కడ పేట లేదు. బహామాస్‌లో లెక్కకు వచ్చిన మృతులు 70 మందికి పైగా, ఆచూకీ లేనివాళ్ళు రెండు వందలకు పైగా. నష్టం 340 కోట్ల డాలర్లని అంచనా.

తుపాను ఉత్తరానికి తిరగ్గానే ఫ్లోరిడాలో కొందరు తాము కొని దాచుకున్న నీళ్ళ సీసాలూ డబ్బాలూ మూటగట్టి బహామాస్‌కి పంపించారు. వాళ్ళను ఈ కాలమ్ ఏమీ అనదు. మిగతావాళ్ళకు వేరే పని పడింది: మనల్ని కాపాడిందెవరో తేల్చడం.

ఆ వారం ఓర్లాండోకీ విశాఖపట్నానికీ మధ్య నడిచిన ఫోన్లన్నిటినీ కలిపి ఒకటి చేస్తే ఇలా ఉంటుంది.

“ఒరే నాన్నా, టీవీలో ఫ్లోరిడా అంతా ఎర్రగా చూపిస్తున్నారు. మీ ఇల్లు అందులో ఉందా?”

“అంచు మీద ఉందమ్మా.”

“అంచంటే?”

“వస్తే రావచ్చు, లేకపోతే లేదు.”

“ఇది చెప్పడానికి వాళ్ళకు అంతంత జీతాలా? సరే, బియ్యం ఉన్నాయా?”

“రెండు బస్తాలు తెచ్చాం. ఇండియన్ స్టోర్లో కందిపప్పు అయిపోయింది.”

“సింహాచలం అప్పన్నకు మొక్కుకున్నాను. ఏమీ కాదు, నువ్వు పడుకో.”

మూడో రోజు మళ్ళీ ఫోను.

“చూశావా, పక్కకెళ్ళిపోయింది! ఎటు పోయిందిట?”

“బహామాస్ మీదికమ్మా.”

“అక్కడ మనవాళ్ళెవరైనా ఉన్నారా?”

“నాకు తెలిసి లేరమ్మా.”

“హమ్మయ్య.”

అమ్మను చూసి నవ్వకండి. 1985లో గ్లోరియా అనే హరికేన్ వర్జీనియా వైపు వస్తుంటే పాట్ రాబర్ట్‌సన్ అనే టీవీ బోధకుడు ప్రార్థన చేశాడు. అది వర్జీనియా బీచ్‌ను వదిలేసి పైకి పోయింది. తన ప్రార్థనే దాన్ని మళ్ళించిందని ఆయన చాటుకున్నాడు. అది పోయి పడింది న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలాండ్ మీద. అక్కడా చర్చిలున్నాయి. వాళ్ళ ప్రార్థన కొంచెం ఆలస్యంగా అందినట్టుంది.

ఫ్లోరిడాలోనే ఉన్న టాంపా వాళ్ళది ఇంకా పాత ధీమా. 2025 జులైలో మనవాళ్ళు నాట్స్ తెలుగు సంబరాలు చేసుకున్న ఊరే. దాన్ని పెద్ద తుపాను సూటిగా కొట్టింది చివరిసారి 1921లో. కారణం అడిగితే, ఒకప్పుడు అక్కడుండిన టోకోబాగా తెగవాళ్ళ మట్టిదిబ్బలు ఊరిని కాస్తున్నాయని చెబుతారు. ఆ తెగ యూరప్ వాళ్ళు మోసుకొచ్చిన జబ్బులకూ దాడులకూ తుడిచిపెట్టుకుపోయింది. ఆ ప్రాంతంలోని దిబ్బలను చాలావరకు తవ్వి రోడ్లకు పోశారు. మిగిలిన కాసిని దిబ్బలకు ఇప్పుడు దండాలు పెడుతున్నారు. అయినా అవి ఏమీ మనసులో పెట్టుకోకుండా కాపలా కాస్తున్నాయని వీళ్ళ నమ్మకం.

2004లో చార్లీ టాంపా మీదికే వస్తుందన్నారు. కోన్ మధ్యలో గీత సరిగ్గా ఆ ఊరి మీద. టాంపావాళ్ళు చాలామంది ఇళ్ళు వదిలి ఓర్లాండోకు పరుగెత్తారు. చార్లీ దారిలో కుడికి తిరిగి పుంటా గోర్డాను చితక్కొట్టి, అక్కణ్నుంచి నేరుగా ఓర్లాండోకు వెళ్ళింది. పుంటా గోర్డా కూడా ఆ గరాటులోనే ఉంది. కానీ అక్కడివాళ్ళు చూసింది గీతను. 2017లో ఇర్మా గాలి టాంపా అఖాతంలో నీళ్ళను ఒడ్డు నుంచి లాగేసింది. కుక్కల్ని తీసుకుని, పిల్లల్ని ఎత్తుకుని జనం సముద్రపు అడుగున షికారుకు దిగి ఫొటోలు తీసుకున్నారు. పోయిన నీళ్ళు తిరిగొస్తాయి మహాప్రభో, పైకి రండి అని అధికారులు మొత్తుకున్నారు.

ఫొటోల మాటొచ్చింది కాబట్టి, ఒక జీపు సంగతీ చెప్పాలి. డోరియన్ పైకి పోతూ సౌత్ కరొలైనా పక్కనుంచి వెళుతున్న రోజు, మర్టిల్ బీచ్ ఇసుకలో ఎవరో ఎర్ర జీపు దింపి అలల్లో ఇరుక్కుని వదిలేశారు. తుపాను వార్త పక్కకెళ్ళి జీపు వార్త ముందుకొచ్చింది. జనం గొడుగులేసుకుని వచ్చి దానితో సెల్ఫీలు దిగారు.

ఇది కాకుండా, తుపాను అలబామా రాష్ట్రం దాకా రాలేదని చిన్నబుచ్చుకున్నవారొకరున్నారు. అలబామావాళ్ళని పొరపడకండి. ఆ రాష్ట్రానికి డోరియన్‌తో ఏ సంబంధమూ లేదు. చిన్నబుచ్చుకున్నది దేశాధ్యక్షుడు. అలబామాకు కూడా గట్టిగా తగులుతుందని సెప్టెంబరు 1న ట్రంప్ ట్వీట్ చేశారు. కాసేపటికే బర్మింగ్‌హామ్ వాతావరణ కార్యాలయం, తగలదు అని తేల్చి చెప్పింది. 4వ తేదీన వైట్‌హౌస్‌లో విలేకరులకు పాత మ్యాప్ ఒకటి చూపించారు. కోన్ చివర నల్ల మార్కర్‌తో ఎవరో అలబామాలోకి ఒక గీత పొడిగించారు. రెండు రోజులకు వాతావరణ శాఖ పై సంస్థ, ఎవరి సంతకమూ లేకుండా, అధ్యక్షుణ్ణి సమర్థిస్తూ ప్రకటన ఇచ్చింది. కోన్‌ను వెడల్పు చేయడానికి శాస్త్రజ్ఞులు లెక్కలు వేసుకుంటారు, అధికారానికి మార్కర్ చాలు.

అసలు తుపాను హెచ్చరికలన్నీ హడావుడేనని తేల్చేసే పెద్దమనుషులూ ఉన్నారు. ఇర్మా వస్తున్నప్పుడు రష్ లింబా అనే రేడియో వ్యాఖ్యాత, నీళ్ళూ బ్యాటరీలూ అమ్ముకునే దుకాణాలకూ టీవీలకూ భయం వ్యాపారమైపోయిందని విడమరిచి చెప్పాడు. కొద్ది రోజులు తిరక్కుండా తానే ఫ్లోరిడా ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయాడు. టీవీల గురించి ఆయన అన్నదాంట్లో కొంత నిజముంది. 2018లో ఫ్లోరెన్స్ తుపాను గాలికి నిలవలేక ఊగిపోతున్న విలేకరి వెనకాల ఇద్దరు కుర్రాళ్ళు తాపీగా నడిచిపోవడం లోకమంతా చూసింది. మోకాలి లోతు నీళ్ళలో కూర్చుని పీకల్లోతు అని చెప్పే ప్రతిభ మన ఛానెళ్ళకే సొంతం అనుకునేవాణ్ణి.

విశాఖ అమ్మ అంత నిబ్బరంగా మొక్కు మొక్కడానికి వెనక అనుభవముంది. 2013 అక్టోబరు 12న పైలిన్ ఉత్తరాంధ్రను ఒరుసుకుంటూ పోయి ఒడిశాలో గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. విశాఖ ఊపిరి పీల్చుకుంది, మనకేం కాదులే అనుకుంది. ఏడాది తిరిగి మళ్ళీ అక్టోబరు 12 వచ్చింది. ఆ రోజు హుద్‌హుద్ నేరుగా ఊళ్ళోకే వచ్చింది. మొక్కు కోసమో, మట్టిదిబ్బ కోసమో ఆగలేదు.

అట్లాంటిక్ తుపాను పేర్ల జాబితా ఆరేళ్ళకోసారి తిరిగి వాడతారు. మరీ ఘోరం చేసిన తుపాను పేరును మాత్రం పక్కన పెట్టేస్తారు. 2021లో ప్రపంచ వాతావరణ సంస్థ డోరియన్ పేరును అలాగే తీసేసింది. ‘ఏమీ చేయలేదు కదా, పేరెందుకు తీసేశారు’ అని అడగాలనిపించినవాళ్ళు బహామాస్‌లో మాత్రం ఉండరు. ఆ స్థానంలో డెక్స్‌టర్ అని పెట్టారు. 2025 ఆగస్టులో ఆ పేరుతో ఒక తుపాను పుట్టింది. ఏ దేశపు ఒడ్డూ తాకకుండా అట్లాంటిక్ నడిమధ్యకు వెళ్ళిపోయింది. తప్పిపోయిన తుపాను అంటే అదీ.