మా వాడు సూర్యుణ్ణి తెస్తానన్నాడు

ప్లస్ వన్‌లో చేరినాక మా వాడు ఒక రాత్రి అన్నం కలుపుకుంటా, "నాయనా, నాకొక వ్యాక్యూమ్ పంపు కావల్ల" అన్నాడు. ఇల్లు ఊడ్చే మిషనేమో, కొడుక్కి ఇన్నాళ్లకు బుద్ధి వచ్చిందని పొంగిపోయినాను. ఊడ్చేదానికి కాదంట, సూర్యుడిలో జరిగే న్యూక్లియర్ ఫ్యూజన్ చేసేదానికంట.

నేను హొసూరు సిప్కాట్‌లో ఒక చిన్న కంపెనీకి లెక్కలు రాసేవాణ్ణి. చుట్టూ లేతులు తిరగతానే ఉంటాయి గానీ, స్క్రూ ఏ పక్కకు తిప్పితే బిగుస్తుందో ఈ రోజుకీ ఒకసారి తిప్పి చూసుకుంటేగానీ తెలియదు. ఆ సంగతి ఇంట్లో తెలియకూడదని, విన్న ప్రతిదానికీ గంభీరంగా తలూపుతాను. ఆ రాత్రీ ఊపినాను.

వాడు చెప్పుకుపోయినాడు. టీవీ కనిపెట్టినవాళ్లలో ఒకడైన ఫిలో ఫార్న్స్‌వర్త్ 1960ల్లో ఫ్యూజర్ అనే యంత్రం చేసినాడంట. గాలి తోడేసిన స్టీలు గుండులో ఒక తీగల బుట్ట. దానికి ఇరవై, ముప్పైవేల వోల్టుల నెగటివ్ కరెంటు. లోపలికి డ్యుటీరియం అనే బరువైన హైడ్రోజన్ చిటికెడు వదిలితే, దాని అయాన్లు బుట్ట నడిమికి దూకి, ఎక్కడో ఒకటి రెండు అతుక్కుని న్యూట్రాన్లు విసరతాయి. అమెరికాలో టేలర్ విల్సన్ 2008లో పద్నాలుగేళ్లకే చేసినాడు. మెంఫిస్‌లో జాక్సన్ ఓస్వాల్ట్ 2018 జనవరిలో, పదమూడు నిండేదానికి కొన్ని గంటల ముందు, ఇంట్లో ఆటల గదిలోనే చేసేసినాడు.

ఇది విని భయపడాల్సినవాణ్ణి, గర్వపడినాను. మరునాడు మిద్దె మీద ఎదురింటాయనతో, "మావాడు ఇంట్లోనే సూర్యుణ్ణి చేస్తా ఉండాడు" అనేసినాను. ఆయన తన వడియాలు ఎండుతాయా అని అడిగినాడు.

మా ఆవిడ మాత్రం సూటిగా అడిగింది: "దాంతో కరెంటు వస్తుందా?" సెకనుకు పదిలక్షల న్యూట్రాన్లు వచ్చినా చేతికందేది వాట్‌లో పదిలక్షల వంతు, మింగేది వందల వాట్లు అన్నాడు వాడు. రెండు నెలలకు సర్కారు ఉచితంగా ఇచ్చే యూనిట్లను మిక్సీకింత, మోటారుకింత అని పంచిపెట్టుకునే మనిషి ఆమె. సూర్యుడికి అందులో వాటా లేదని అక్కడికక్కడే తేల్చేసింది.

నా పరువు నిలబడాలంటే డ్యుటీరియం నేనే సంపాదించాలనిపించింది. అది భారజలం నుంచి తీస్తారంట. మణుగూరులో భారజల కర్మాగారం ఉంది కదా, ఆ పక్క మనకు చుట్టాలున్నారు, వచ్చేటప్పుడు గోంగూర పచ్చడి మాదిరి ఒక సీసా తెమ్మందామన్నాను. మా వాడు ముద్ద మింగలేదు. "నాయనా, అది అణుశక్తి చట్టం కిందికి వస్తుంది. న్యూట్రాన్లు పుట్టించే యంత్రానికి అణుశక్తి నియంత్రణ బోర్డు ఏఈఆర్‌బీ అనుమతి కావల్ల. నువ్వు ఫోన్ చేయొద్దు" అన్నాడు. కొడుకు కాపాడకపోతే ఆ రాత్రే చుట్టాలను కూడా కేసులో ఇరికించేవాణ్ణి.

కృష్ణగిరిలో రిటైరైన ఫిజిక్సు అయ్యవారు ఒకరున్నారు. వాణ్ణి ఆయన దగ్గరికి తీసుకుపోయినాను. మామిడికాయల కాలం కాబట్టి నాకూ పని ఉండింది. డ్యుటీరియం వద్దు, ఉత్త గాలితో తీగబుట్ట చుట్టూ ఊదారంగు వెలుగు తెప్పించు, అది ఫ్యూజన్ కాదుగానీ వ్యాక్యూమూ హైవోల్టేజీ అదే నేర్పిస్తుంది అన్నారాయన. వోల్టేజీ పెంచితే ఎక్స్‌రేలు పుడతాయి, పెంచకపోయినా చేత్తో తాకితే ప్రాణం పోతుంది. తాను పక్కన లేకుండా స్విచ్ ముట్టొద్దన్నారు. ఆయన ముందర కూడా తలూపినాను. ఆయన నన్నే చూసి, "మీరు అసలు ముట్టొద్దు" అన్నారు.

ఇప్పుడు మా వెనక గదిలో ఏసీ మెకానిక్ దగ్గర కొన్న పాత పంపు గురగురమంటా ఉంది. తలుపుకు వాడి రూళ్లు అంటించి ఉండాయి: లోపలికి వచ్చినవాళ్లు ఒక చెయ్యి జేబులో పెట్టుకునే ఉండల్ల, అప్పుడే పొరపాటున కరెంటు తగిలినా ఒక చేతి నుంచి ఇంకో చేతికి గుండె మీదుగా పోదు. నాకేమో ఇంట్లో ఉన్నంతసేపూ లుంగీ. జేబు లేదని వాడు నన్ను గడప దాటనీలేదు. ఆదివారం పూట ఇస్త్రీ ప్యాంటు తొడుక్కుని హాల్లో కూర్చుంటే, వచ్చినవాళ్లంతా ఏ పెళ్లికని అడుగుతా ఉండారు.