శవం పక్కన సేదతీరుట

ఆఫీసులో నలిగిపోయి ఇంటికొచ్చినవాళ్లకు మందు దొరికిందట. దాని పేరు హిడెన్ ఆబ్జెక్ట్ గేమ్. చిందరవందరగా ఉన్న బొమ్మలో గొడుగు, కత్తెర, తాళంచెవి ఎక్కడున్నాయో కనిపెట్టి వేలితో తాకడమే పని. మనసు దూదిపింజంత తేలికవుతుందని ఆడేవాళ్లు ప్రమాణం చేసి చెబుతారు. బండి తాళం కనబడకపోతే ఇల్లు పీకి పందిరేసే పెద్దమనిషి, ఫోన్లో తాళం వెతుకుతూ ప్రశాంతంగా ఉంటాడని మనం నమ్మాలి.

ఆ ప్రశాంతత దొరికే చోటు చూద్దాం. 2012లో ఫేస్‌బుక్‌లోకి వచ్చిన 'క్రిమినల్ కేస్'లో ప్రతి కేసూ శవంతోనే మొదలు. సీను ఒకటి వెతకడానికి 20 పాయింట్ల ఎనర్జీ ఖర్చు. నిండుగా ఉన్నా ఉండేది 110. అయిదు సీన్లకే ఖాళీ. ఆపైన కాచుక్కూర్చోవాలి, లేదా కొనుక్కోవాలి. సేదతీరడానికీ ఓపిక కావాలి, ఆ ఓపికను అమ్మేదీ వాళ్లే! ఇక ల్యాబ్ రిపోర్టు గంటలు గడిచినా రాదు. డబ్బు పడేస్తే అప్పటికప్పుడు వస్తుంది. చేయి తడిపితే గానీ ఫైలు కదలకపోవడం మనకు కొత్తా? ఆఫీసుల్లో దాన్ని లంచమంటాం, ఇక్కడ రిలాక్సేషన్ అంటున్నాం.

బెర్లిన్ కంపెనీ వూగా 2017లో తెచ్చిన 'జూన్స్ జర్నీ' కాస్త నాజూకు. 1920ల నాటి సోకులు, సొంత దీవి, పూలతోట. కొత్త సీను తెరుచుకోవాలంటే మాత్రం నక్షత్రాలు కావాలి. వాటికోసం చూసిన గదినే మళ్లీ మళ్లీ గాలించాలి. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడాన్ని మన పెద్దలు తెలివితక్కువ అన్నారు. ఇప్పుడు దానికి లెవెల్ పెరుగుతోంది.

ఈ ప్రశాంతత యజమానులెవరో కూడా తెలియాలి. 2005లో 'మిస్టరీ కేస్ ఫైల్స్: హంట్స్‌విల్'తో ఈ ఆటలకు గిరాకీ తెచ్చిన బిగ్ ఫిష్‌ను 2014లో కొన్నది చర్చిల్ డౌన్స్, అంటే కెంటకీ డెర్బీ గుర్రప్పందేల సంస్థ. 2018లో బిగ్ ఫిష్ జూదం మెషీన్లు చేసే ఆస్ట్రేలియా కంపెనీ అరిస్టోక్రాట్ చేతికెళ్లింది. అదే ఏడాది వూగాను కొన్న ప్లేటికా కూడా స్లాట్ ఆటలతో ఎదిగినదే. మనిషిని కుర్చీలోంచి లేవనివ్వకపోవడం ఎలాగో బాగా తెలిసినవాళ్లే మన విశ్రాంతి బాధ్యత తీసుకున్నారు.

వెతుకులాటే సరదా అయితే, ఒక్కసారి కొంటే గడియారం, ఎనర్జీ గోల లేకుండా ఆడుకోగలిగే 'హిడెన్ ఫోక్స్' లాంటివి ఉన్నాయి. కాదు, శవాల పక్కనే సేదతీరతామంటే మీ ఇష్టం. కార్డు నంబరు మాత్రం ఆ ఫోన్లో పెట్టకండి.