ఆ పదిహేను గ్రాముల సంగతి
(తూనికలు, కొలతల అధికారి గారికి బహిరంగ లేఖ)

మహారాజశ్రీ అధికారి గారి సముఖానికి,

ఇరవై ఏళ్లుగా రైతు బజారుకి సంచీ పట్టుకుని తిరుగుతున్న ఒక వినియోగదారుడు నమస్కరించి రాసుకునే విన్నపం.

అయ్యా, మీకొచ్చే అర్జీలన్నీ తూకం తక్కువైందనే వస్తాయి. నాది అది కాదు. మా బజారులో తూకం మరీ సరిగ్గా ఉంటోంది. దాని మీదే నా ఫిర్యాదు.

జరిగింది జరిగినట్టు మనవి చేస్తాను. మొన్న ఆదివారం, రోహిణి కార్తె, పొద్దున్న ఆరున్నర. చొక్కా అప్పటికే వీపుకి అంటుకుపోయింది. బెండకాయల గుట్ట ముందు గొంతుక్కూర్చుని, ఒక్కొక్కదాని కొస విరిచి, టప్పున విరిగినవి తట్టలోనూ వంగినవి మళ్లీ గుట్టలోనూ వేస్తూ కిలో దాకా ఏరాను. (కొస విరిచే హక్కు కొనేవాడిదని నా వాదన. అమ్మే మామ్మ ఒప్పుకోదు. అది వేరే కేసు.) తట్ట కాటా మీద పెడితే ఎర్రంకెలు కాసేపు తడబడి 1.015 దగ్గర ఆగాయి. మామ్మ ఒక బెండకాయ తీసేసింది. 0.995. అది వేసేసి ఇంకో చిన్నది తీసింది. 1.005. అదీ వేసేసి, తట్టంతా కెలికి, కళ్లు చికిలించి మూడోది పట్టుకుంది. సరిగ్గా 1.000. ఆ మూడు సున్నాలూ చూసి ఇద్దరం ఊపిరి పీల్చుకున్నాం. కూతురి పెళ్లికి బంగారం తూయించినప్పుడు కూడా నేనింత బిగపట్టి చూడలేదు.

"ఏంటి మామ్మా, ఒక్క బెండకాయకి ఇంత ఇదా?" అన్నాను.

"నాదేముంది బాబూ, మిషను ఒప్పుకోవటంలేదు" అంది.

పదిహేను గ్రాముల ఆ బెండకాయ గుట్టలోకి వెళ్లిపోయింది. ఏమాటకామాటే, దాని ఖరీదు అర్ధరూపాయి చెయ్యదు. అయినా ఇంటికొచ్చేదాకా అదే గుర్తొచ్చింది.

ఇదే మామ్మ తక్కెడ పట్టిన రోజులు నాకు తెలుసు. కిలో రాయి ఒక తట్టలో, కాయలు ఒక తట్టలో. ముల్లు నడిమికి వచ్చినా ఆగేది కాదు. ఇంకో రెండు కాయలు పడి, సరుకు వైపు తట్ట కిందికి దిగితే తప్ప చెయ్యి దించేది కాదు. దాన్నే మొగ్గు అనేవాళ్లం. అది సంచీలో పడ్డాక కొసరు మొదలు. నేను సంచీ నోరు మూయకుండా అలాగే పట్టుకుని నిలబడేవాణ్ని. ఆవిడ చూడనట్టు నటించేది. చివరికి "ఈ బాబు కదలడు" అని రెండు పచ్చిమిరపకాయలు, నాలుగు కరివేపాకు రెబ్బలు విసిరేది. ఆ విసరడానికీ విసరడానికీ మధ్యలోనే వాళ్ల ఊళ్లో ఈదురుగాలికి ఎన్ని కాయలు రాలాయో, చిన్నకోడలికి నెల తప్పిందో లేదో తెలిసేది. ఇప్పుడు తూకం, ధర, లెక్క అన్నీ కాటాయే చెబుతోంది. డబ్బు ముట్టిందని ఫోను డబ్బా అరుస్తోంది. మేమిద్దరం మాట్లాడాల్సిందేమీ మిగల్లేదు.

ఉమ్మడి రాష్ట్రంలో 1999 జనవరి 26న రైతు బజార్లు మొదలుపెట్టినప్పుడు రైతుకీ నాకూ మధ్య దళారి ఉండకూడదన్నారు. దళారి పోయాడు, సంతోషం. ఆ ఖాళీలో ఈ ఎర్రంకెల పెట్టె కూర్చుంది.

పాత తక్కెడ మళ్లీ తెమ్మనడం లేదు. అదేమీ హరిశ్చంద్రుడి తక్కెడ కాదని నాకూ తెలుసు. తట్ట అడుగున చింతపండు ముద్ద అంటించినవాళ్లని, కిలో రాయికి బదులు గులకరాయి పెట్టి "ఇది కిలోయే" అని ఒట్టేసినవాళ్లని చూశాను. అలాంటివాళ్ల పనిపట్టడానికే మీరున్నారు. రాళ్ల మీద, కాటాల మీద మీ శాఖ వేసే ముద్రకి నేను చెయ్యెత్తి దణ్ణం పెడతాను. ముద్ర కాటా దగ్గర ఆగాలి, మామ్మ చేతి మీద పడకూడదు, అంతే.

అసలు కిలో సంగతి నాకంటే మీకే బాగా తెలుసు. మే 20న తూనికల దినోత్సవం జరుపుకునేది మీరే కదా. కిలో అంటే ఇంతని చెప్పడానికి ప్లాటినం, ఇరీడియం కలిపి పోసిన చిన్న దిమ్మెని ప్యారిస్ శివార్లలో గాజు మూతల కింద దాచారు. దాని నకలు, 57వ నంబరుది, మన ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో ఉంది. నూరేళ్లు పోయాక అసలుని నకళ్లతో సరిచూస్తే యాభై మైక్రోగ్రాముల దాకా తేడా కనపడింది. అసలు తగ్గిందా, నకళ్లు పెరిగాయా అన్నది తేలలేదు. చివరికి 2019 మే 20 నుంచి ఆ దిమ్మెని పక్కనపెట్టి, కిలోని ప్లాంక్ స్థిరాంకంతో లెక్కగడుతున్నారు. అన్ని దేశాల శాస్త్రవేత్తలు తలలు పట్టుకున్న ఆ తేడాని మా మామ్మయితే కొసరు కింద రాసేసి ఊరుకునేది.

ఇంకో విషయం. ఇది మీ చెవిన వెయ్యకూడదేమో గానీ, రాయడం మొదలుపెట్టాను కాబట్టి దాచను. 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం ప్రకారం ప్రామాణికం కాని కొలతలో ధర చెప్పడమే తప్పు. ఆ లెక్కన బజారు గేటు దగ్గర మల్లెపూలు అమ్మే తల్లీకూతుళ్లు రోజూ నేరం చేస్తున్నారు. మూర ఇరవై అంటారు. మూరంటే మోచేతి నుంచి వేలి కొసదాకా. తల్లి కూర్చున్నరోజు మూర పొడుగు, కూతురు కూర్చున్నరోజు పొట్టి. మా వీధిలో మగవాళ్లందరికీ ఇది తెలుసు. దూరంనుంచే ఎవరు కూర్చున్నారో చూసుకుని స్కూటరు ఆపుతారు. దయచేసి వాళ్ల చేతులకి ముద్ర వెయ్యడానికి ఇన్‌స్పెక్టరుని పంపకండి.

ముంజలవాడు ఇంకా మీ పరిధిలోకి రాలేదు. గేటు బయట చింతచెట్టు కింద గెలలు దించుకుని కూర్చుంటాడు. కాయ తల మీద కత్తివేటు వేస్తే మూడు కళ్లు తెరుచుకుంటాయి. డజను లెక్కపెట్టి తాటాకులో కట్టాక, పదమూడోది చేతిలో పెడతాడు. దాన్ని ఇంటికి తీసుకెళ్లకూడదు. అక్కడే బొటనవేలితో పొడిచి నోట్లో ఒంపుకోవాలి. సగం నీళ్లు నోట్లోకి, సగం చొక్కా మీదికి. "లేతగుందా బాబూ?" అని అడుగుతాడు. నోటినిండా ముంజ ఉంటుంది కనక తల ఊపుతాను. మా మనవడైతే ఆ పదమూడోదాని కోసమే పొద్దున్నే లేచి నాతో వస్తాడు.

ఇక మామిడిపళ్లు. బంగినపల్లి జోరు తగ్గింది. నూజివీడు రసాలు ఆఖరి బళ్లకొచ్చాయి. ఇదివరకు పళ్ల బేరమంతా ముక్కుతో జరిగేది. ముచ్చిక దగ్గర వాసన చూసి, అరచేతిలో మెల్లగా నలిపి, వందలెక్కన తీసుకునేవాళ్లం. ఇప్పుడు రసాలూ కిలోలే. మా ప్రాంతంలో తోతాపురిని కలెక్టరు కాయ అంటారు. పాపం, కలెక్టరుని కూడా గ్రాములతో తూస్తున్నారు.

కాబట్టి ప్రభువులవారికి నా ప్రార్థన ఒక్కటే. మీ ముద్ర ఉన్న కాటా మీద తూకం ఎంతొస్తే అంతకే డబ్బిస్తాను, పైసా తగ్గించను. తట్ట కాటా దిగాక, సంచీ మూత పడేలోపు మామ్మ ఏం విసిరినా దాన్ని ఏ అంకెల్లోనూ చూపనక్కర్లేదని మా బజారు ధరల బోర్డు కింద, సుద్దముక్కతో అయినా సరే, ఒక్క ముక్క రాయించండి. కొత్తిమీర కట్ట ధర చూస్తే ఈ నెలలో అది కొసరుగా అడగడం అన్యాయం. అది నేనడగను. కరివేపాకు చాలు.

ఈ అర్జీతోపాటు డజను రసాలు పంపుతున్నాను. లంచం అనుకోకండి, లంచమైతే తూచి ఇచ్చేవాణ్ని. రాస్తూ రాస్తూ రెండు తినేశాను, కాబట్టి పదే ఉంటాయి. కాగితం మీది పసుపు మరకలు కూడా అవే.

మృగశిర లోపు సెలవివ్వగలరు. వాన పడిందంటే రసాలకి పురుగొస్తుంది.

ఇట్లు,
సంచీ నోరు ఇంకా తెరిచే పట్టుకున్న
మీ విధేయుడు