పావలా కారుకి ముప్పావలా ముస్తాబు

బెంజి సర్కిల్ దగ్గర ఎర్ర లైటు పడింది. బ్రేకు వేశాను. ఆ కుదుపుకి మా కారు కప్పు పడింది.

ఇనప కప్పు కాదు లెండి. దాని లోపలివైపు నేను నా రెండు చేతులతో అంటించిన గుడ్డ. మీటరు 110 రూపాయలది, వెన్నరంగు. ముందద్దం దగ్గర ఒక మూల ఊడి, తొందరేమీ లేకుండా జారి, నా తలమీదుగా ఒళ్ళోకి దిగింది. జీలకర్రా బెల్లానికి ముందు పట్టే అడ్డుతెరలాగా నాకూ లోకానికీ నడుమ నిలబడింది. దాని అవతల ఎర్ర లైటు ఎప్పుడు పచ్చబడిందో నాకు కనబడలేదు, వినబడింది. వెనకాల ఒకటే హారన్లు.

"దాక్కున్నది చాలు గానీ, పోనివ్వండి," అంది మా ఆవిడ, అదే గుడ్డ కింద పక్క సీట్లోంచి.

కారు 2008 నాటి మారుతి 800. రెండో చేతిది, 60 వేలకి కొన్నాను. 1983 డిసెంబరులో ఇందిరాగాంధీ చేతులమీదుగా తొలి తాళంచెవి అందించిన ఆ వంశం 2014 జనవరిలో తయారీ ఆగి ముగిసిపోయింది. మా ఇంటికొచ్చినది ఆ వంశాంకురం కదా, కాస్త మర్యాదగా ఉంచుదామనిపించింది. బయట బానే ఉంది. లోపలే ఎటు చూసినా బూడిదరంగు ప్లాస్టిక్కు, వానాకాలం మధ్యాహ్నంలాగా.

ఆటోనగర్‌కి తీసుకెళ్ళాను. సీట్లు కుట్టే ఆయన చెవిమీద పెన్సిలు పెట్టుకుని కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. "కప్పు 4 వేలు, సీట్లు 6 వేలు, డోరు ప్యాడ్లు రెండున్నర వేలు. గేరు నాబు నేనే ఊరికే వేసిస్తా సార్," అన్నాడు. మొత్తం 12,500. ఏనుగును కొన్నవాణ్ణి అంకుశం దగ్గర బేరానికి దిగాను. ఆయన దిగలేదు. నేనే కారెక్కాను.

ఆ రాత్రి ఫోనులో ఒక కుర్రాడు పదకొండు నిమిషాల్లో కారు కప్పు మార్చేశాడు. వాడికి మీసాలు కూడా సరిగ్గా రాలేదు. వాడికి చేతనైనది నాకు కాదా?

ఇక్కడ కాస్త సాంకేతిక విషయం చెప్పాలి, ఎందుకంటే దాన్ని నేను చాలా డబ్బు పెట్టి నేర్చుకున్నాను. పాత యజమాని వేయించిన గుడ్డ వెనకాల సన్నటి స్పాంజి పొర ఉంది. ఏళ్ళ తరబడి ఎండకి ఉడికి ఆ స్పాంజి పిండి అయిపోతుంది. గుడ్డా గట్టిగానే ఉంటుంది, జిగురూ గట్టిగానే ఉంటుంది, మధ్యవర్తి చేతులెత్తేస్తాడు. గుడ్డ పీకగానే పసుపుపచ్చటి పొడి జలజలా నా కళ్ళలో, నోట్లో రాలింది. ఆ పొడినంతా గీకి, తుడిచి, అప్పుడు అటు కప్పుకీ ఇటు గుడ్డకీ జిగురు పూసి, వేలికి అంటుకోనంతగా ఆరనిచ్చి, అప్పుడు అదమాలి. నేను పొడిమీదే పూశాను. ఆరనివ్వలేదు. చేతులు పైకెత్తి గంటసేపు పట్టుకుంటే ఏ జిగురైనా అంటుకుంటుందని నా నమ్మకం. అంటుకుంది కూడా, ముఖ్యంగా నా జుట్టుకి. మిగతా కథ బెంజి సర్కిల్ దగ్గర మీరు విన్నదే.

గేరు నాబు సంగతి వేరు. అందులో నాకు కళాతృష్ణ అడ్డం వచ్చింది. ఇంట్లో షోకేసులో ఎర్రటి ఏటికొప్పాక బొంగరం ఒకటి ఉంది. అంకుడు కర్ర, చేత్తో తాకితే వెన్నలా జారే నునుపు. తెలిసిన వడ్రంగి చేత దానికి కింద బెజ్జం వేయించి గేరు రాడ్డుకి బిగించాను. ఎంత ముచ్చటగా ఉందంటే రెండు రోజులు అవసరం లేకపోయినా గేర్లు మార్చాను. ఆ లక్కపని ఎలా చేస్తారో నాకు తెలుసు. లేతుమీద గిర్రున తిరిగే కర్రకి లక్క బిళ్ళను అదిమి పట్టుకుంటే ఆ రాపిడి వేడికి కరిగి పట్టేస్తుంది. వేడికి పట్టేది వేడికే వదులుతుందన్న రెండో సగం మాత్రం తట్టలేదు. షోకేసులో ఉండాల్సినదాన్ని రోహిణి కార్తెలో, తలుపులు బిగించిన కారులో, మిట్టమధ్యాహ్నం మూడు గంటలు వదిలేసి వచ్చి గేరు వేశాను. మొదటి గేరు పడింది. చెయ్యి రాలేదు. బలవంతంగా లాగితే ఎడమ అరచెయ్యి ఎర్రగా, నిగనిగా.

"గోరింటాకు అంత ఎర్రగా పండితే మంచి మొగుడొస్తాడంటారు," అంది మా ఆవిడ చెయ్యి తిప్పి చూస్తూ. "మగాళ్ళకి పండితే ఏమొస్తుందో మరి."

ఇంకా చిన్నాచితకా చాలా చేశాను. సిగరెట్టు లైటరు సాకెట్టు నుంచి నీలం లైట్ల పట్టీ లాగాను. రాత్రిపూట ఆ వెలుగు ముందద్దంలో పడి రోడ్డుకి బదులు నా ముఖం కనబడేది. కాళ్ళ కింద ప్లాస్టిక్కు పచ్చగడ్డి పరిస్తే అది మడతపడి క్లచ్చు సగంలోనే ఆగింది. దాన్ని ఆ పూటే పీకేశాను. (ఏం చేసినా పెడళ్ళ జోలికి మాత్రం పోకండి.) డ్యాష్‌బోర్డు మీద కొండపల్లి అంబారీ ఏనుగును పెట్టాను. బ్రేకు వేసినప్పుడల్లా రాజుగారు వాహనంతో సహా నా ఒళ్ళోకి వేంచేసేవారు. అద్దాలకి ఫిలిం అంటించకూడదని 2012లో సుప్రీంకోర్టు చెప్పింది గనక పాత చీర చించి తెరలు కట్టాను. ఒక కానిస్టేబులు కారు ఆపించి, తెర కొసను రెండు వేళ్ళతో ఎత్తి, "లోపల పెళ్ళికూతురు ఉందాండీ?" అన్నాడు. ఉన్నది మా ఆవిడ. ఆమె చూసిన చూపుకి కేసు రాయకుండానే పంపేశాడు. చీర తనదేనని అప్పుడే గుర్తుపట్టింది, అందుకే ఆ చూపు.

సీట్లకి వద్దాం. పెడనలో అచ్చుల కలంకారీ చేసేవాళ్ళు గుడ్డను కరక్కాయ నీళ్ళలో ముంచి, ఆరబెట్టి, అద్ది, ఉడకబెట్టి, పారే నీళ్ళలో జాడిస్తారు. అంత బాధ పడింది గనకే ఆ రంగు నిలుస్తుంది. నేను రోడ్డుపక్కన మీటరు 80కి కొన్నాను. అమ్మినవాడు 'కలంకారీ' అన్నాడు గానీ 'పెడన' అనలేదు. ఆ తేడా నాకు మా మావయ్యగారి వీపుమీద బోధపడింది.

మే నెలలో గుడివాడ పెళ్ళికి ఆయన్ని తీసుకెళ్ళాను. మా కారుకి ఏసీ ఉంది, చల్లదనం లేదు. దిగి ఆయన తెల్లలాల్చీ సవరించుకుంటూ పందిట్లోకి నడుస్తుంటే వెనకాల నెమలి. పురి విప్పిన నెమలి. మెడ మాత్రం సీటుమీద ఎడమకి తిరిగి ఉండేది, లాల్చీమీద కుడికి తిరిగింది. ఎవరికీ చెప్పే ధైర్యం లేక ఆయన వెనకే, ఆ నెమలికి అడ్డంగా, పందిరంతా తిరిగాను. భోజనాల దగ్గర ఆయనకి అనుమానం వచ్చి, "అల్లుడుగారూ, మీరు వడదెబ్బ తినలేదు కదా?" అన్నారు.

చివరికి మళ్ళీ ఆటోనగర్. చెవిమీద పెన్సిలు అదే. "కప్పు 4 వేలే సార్, రేటు పెంచలేదు. మీరు పూసిన జిగురు గీకడానికి ఇంకో పదిహేను వందలు," అన్నాడు. సీట్లు, ప్యాడ్లు కూడా చేయించాను. నోటుపుస్తకంలో నా పాత ఖర్చులు కూడితే 5,870 అయ్యాయి. ఆ పేజీ చించి కిటికీలోంచి పారేశాను. కారిప్పుడు మళ్ళీ బూడిదరంగు, కొత్త రెక్సిన్ వాసన.

పోయిన ఆదివారం మావయ్యగారిని బస్టాండు నుంచి తీసుకురావడానికి వెళ్ళాను. అదే లాల్చీ. సీటుమీద నిలవని రంగు ఆయన లాల్చీమీద ఆరు ఉతుకులు తట్టుకుని నిలబడింది. ఆయన తలుపు తీసి, సీటు చూసి, రెక్సిన్ చేత్తో తడిమి, ఎక్కకుండా అక్కడే ఆగిపోయారు.

"ఆ గుడ్డ తీసేశారా, బాబూ?"

"తీసేశానండీ."

"అయ్యో. వెనకవైపు బాగుంది, ముందువైపే బోసిగా ఉందంటోంది మీ అత్తయ్య. ఈసారి వెనక్కి తిరిగి కూర్చుందామనుకున్నాను."