‘మావాడు ఏమీ అనడండీ’: సటీకా తాత్పర్యం

మూలం: “మావాడు ఎవర్నీ ఏమీ అనడండీ, చెయ్యేసి చూడండి!”

అవతారిక: డాలస్ శివార్లలోని ఫ్రిస్కోలో, సత్యనారాయణ వ్రతానికొచ్చి గుమ్మంలో చెప్పులు విడుస్తున్న అతిథితో, తమ గోల్డెన్‌డూడుల్ కుక్క కాలర్ పట్టుకున్న గృహస్థు పలికిన వాక్యమిది. ఎడిసన్, ఫ్రీమాంట్ ప్రతుల్లో ‘అంకుల్’ అనే పాఠాంతరం కలదు.

ప్రతిపదార్థం: సులభం గనుక విడిచిపెట్టడమైనది.

టీక: మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ కోలాచలం మల్లినాథసూరి ప్రతిజ్ఞ. ఆయనకు డూడుల్ ఉన్న ఇంటి పిలుపు రాలేదు గనుక చెల్లింది. మేము రెండో ప్రతిజ్ఞ తప్పుతున్నాం.

‘ఏమీ అనడు’ అన్నది ప్రత్యక్షవిరుద్ధం. అతగాడు గంట నుంచీ అంటూనే ఉన్నాడు, ఆంగికాభినయంతో. నందికేశ్వరుడి ‘అభినయదర్పణం’ దృష్టిభేదాలు ఎనిమిదని చెబుతుంది. తల కదపకుండా కంటికొసతో చూడటం సాచి. పిల్లవాడు మెడ చుట్టూ చేతులు వేసి బిగించినప్పుడు, తెల్లగుడ్డు బయటపడేలా ఈ శునకం పట్టింది అచ్చంగా అదే. సాచికి శాస్త్రం చెప్పిన వినియోగాల్లో మీసం దువ్వడమొకటి, బాణం గురిపెట్టడమొకటి. మీసం ఇతనికి పుష్కలం. బాణం సంగతి అతిథి చూసుకోవాలి. ఇక శిరోభేదాలు తొమ్మిదింటిలో మొహం పక్కకు తిప్పడం పరావృత్తం, కోపానికీ సిగ్గుకూ వాడతారు. ఈ ఇంటి అమ్మాయే ఆదివారం కూచిపూడి క్లాసులో ఇవన్నీ పట్టి చూపి మెప్పు పొందుతుంది. ఇంట్లో కుక్క పడితే మాత్రం చూసే రసికుడు లేడు.

నిద్ర రాకపోయినా ఆవలించడం, తిండి లేకపోయినా పెదవి నాక్కోవడం, ముందుకాలొకటి ఎత్తిపట్టడం: నార్వే శిక్షకురాలు తూరిడ్ రూగాస్ వీటిని ‘కామింగ్ సిగ్నల్స్’ (శాంతపరిచే సంకేతాలు) అంది. మన గృహస్థు వీటికి ‘నవ్వుతున్నాడు, వీడియో తియ్యి’ అని వ్యాఖ్యానం చేస్తాడు.

పూర్వపక్షం: “తోక ఊపుతున్నాడుగా!”

సమాధానం: నంది పేరు పెట్టుకుని కూడా నందికేశ్వరుడు తోకభేదాలు చెప్పకపోవడం శాస్త్రానికి తీరని లోటు. దాన్ని 2007లో ఇటలీ పరిశోధకులు కొంత తీర్చారు. 30 కుక్కల్ని పరిశీలిస్తే, యజమాని కనబడ్డప్పుడు ఊపు కుడివైపు మొగ్గింది, పెత్తనం చేసే కొత్త కుక్క కనబడ్డప్పుడు ఎడమవైపు. పైకి లేచి బిగుసుకుని, కొస మాత్రం అదిరే తోక స్వాగతం కాదు.

శాస్త్రం కాసేపు పక్కన పెడతాను. కుక్క పక్కగదిలోకి పోతే పిల్లలు వెంటపడతారు. మంచం కిందికి దూరితే కాలు పట్టి లాగుతారు. ఆ గది తలుపు వెయ్యడానికి ఎవరికీ చెయ్యి రాదు, వేస్తే ఫొటోలుండవు కదా. చెప్పి చెప్పి విసిగి చివరికి అది గుర్రుమంటే, అందరి ముందూ పరువు పోయినట్టు “నో!” అని కసురుతారు. గుర్రు హెచ్చరిక. దాన్ని మాన్పిస్తే కుక్కకు ఇంక మిగిలేది పళ్లే. అమెరికాలో ఏటా సుమారు 45 లక్షల కుక్కకాట్లని అంచనా. అందులో ఎక్కువ దెబ్బ పిల్లలకే, అదీ చాలాసార్లు తెలిసిన కుక్క వల్లనే.

ఫ్రీమాంట్ పాఠం చదివేవారికి విశేషం: కాలిఫోర్నియా సివిల్ కోడ్ 3342వ సెక్షన్ ముందు ‘ఇదివరకెన్నడూ కరవలేదండీ’ అన్న వాదం నిలవదు.

తాత్పర్యం: ఓ అతిథీ! మా కుక్క బంగారమని నీచేత అనిపించుకోవడం మాకు ముఖ్యం. అది ఆవలిస్తే నిద్రొచ్చిందనుకో, మొహం తిప్పుకుంటే సిగ్గనుకో. కరిచిందా, నువ్వే ఏదో చేశావని మేమనుకుంటాం.