మీ నేటివ్ ఏది?

రైల్లో ఎదురు బెర్తు ఆయన అడిగే మొదటి ప్రశ్న "ఎందాకా?" రెండోది "మీ నేటివ్ ఏదండీ?" మూడోది ఇంటిపేరు. ఇంటిపేరుతో ఆయన ఏం తెలుసుకోదలచుకున్నాడో నేను విప్పి చెప్పక్కర్లేదు. మొత్తానికి నేటివ్ అంటే సొంతూరు అన్న జ్ఞానంతో ఇరవయ్యారేళ్ళు నిక్షేపంగా బతికాను. అందుకే ఓ థాయిలాండ్ ఏజెన్సీ వారి దరఖాస్తులో "నేటివా? అవును, కాదు" అన్న గడి కనిపిస్తే, అవును మీద టిక్కు పెట్టి, పక్కన చోటు ఖాళీగా ఉంది కదా అని 'తెనాలి' అని కూడా రాశాను.

రెండు రోజుల్లో జవాబొచ్చింది. తెనాలి ఏ కౌంటీలో ఉందో కాస్త చెప్పమని.

అసలు అంతదూరం ఎందుకు పోవాల్సొచ్చిందంటే, ఇంగ్లీషు ఎమ్మే చేసినవాడికి మా వైపు సులువుగా దొరికేది ఇంటర్ కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం. అక్కడ టైంటేబుల్లో ఇంగ్లీషు పీరియడ్ ఉంటుంది. ఆ పీరియడ్‌లో లెక్కల సారు ఉంటాడు. నేను స్టాఫ్‌రూమ్‌లో ఉంటాను. ఇలా ఓ ఏడాది గడిచాక, ఎవరో పుణ్యాత్ముడు కేంబ్రిడ్జి వాళ్ళ సెల్టా చేస్తే ఆసియాలో ఎక్కడైనా ఉద్యోగం కళ్ళకద్దుకుని ఇస్తారని చెప్పాడు. ఇంగ్లీషు పాఠం చెప్పడం నేర్పే 120 గంటల కోర్సు. అందులో 6 గంటలు నిజం విద్యార్థుల ముందు నిలబడి నిజంగా పాఠం చెప్పాలి. అప్పు చేసి చేరాను.

మొదటి పాఠం అయ్యాక మా ట్రైనరమ్మ మెచ్చుకుంటుందనుకున్నాను. "బాగుంది, కానీ మీరు మాట్లాడారు" అంది. పాఠం చెప్పేవాడు మాట్లాడక ఏం చేస్తాడు? తెలిసిందేమిటంటే, టీచరు నోరు ఎంత తక్కువ కదిలితే అంత మంచి టీచరట. మా జిల్లా పరిషత్ హైస్కూల్లో గంట కొట్టినా ఆపకుండా, పక్క పీరియడ్‌లోకి కూడా చొచ్చుకెళ్ళి చెప్పేవాణ్ణే గొప్ప మేష్టారనేవాళ్ళు. ఆ పోలికలన్నీ నాలుగు వారాల్లో వదిలించుకుని, చివరికి 'పాస్ బి' తెచ్చుకున్నాను. సర్టిఫికెట్ చూసి మా అమ్మ అడిగింది ఒక్కటే: "మరి ఆ 'ఏ' ఎవడికొచ్చిందిరా?"

ఇక వేట మొదలైంది. ఈ వేటలో నేటివ్ అంటే పుట్టుకతోనే ఇంగ్లీషు మాట్లాడేవాడట. కొరియాలో భాష నేర్పే ఈ-2 వీసాకి అమెరికా, కెనడా, బ్రిటన్, ఐర్లండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా, ఈ ఏడు దేశాల పాస్‌పోర్టులే చెల్లుతాయి. మనకీ కొరియాకీ మధ్య 2010లో అమల్లోకొచ్చిన వాణిజ్య ఒప్పందం పుణ్యమా అని మనవాళ్ళకి ఓ పక్కదోవ ఉంది గానీ, దానికి టీచరు లైసెన్సు కావాలి. నాకున్నది స్కూటరు లైసెన్సు. నేను చూసిన జపాన్ ప్రకటనల్లో పన్నెండేళ్ళ చదువు ఇంగ్లీషులోనే సాగి ఉండాలన్నారు. పదో తరగతి దాకా నేను చదివిన ఇంగ్లీషు కూడా తెలుగులోనే చదివాను. చైనా ప్రకటనల్లో మళ్ళీ ఆ ఏడు దేశాలే, పెళ్ళిపందిట్లో ముందు వరస సోఫాల్లా, మనం కూర్చోబోతే ఎవరో వచ్చి లేపేట్టు.

ఒకటి మాత్రం నాకు భలే మండింది. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో ఉద్యోగం మీద కడప వచ్చాడు. తెలుగు నేర్చుకున్నాడు, వేమన పద్యాలు పోగేసి అచ్చు వేయించాడు, మనకి నిఘంటువు రాసిపెట్టాడు. "అయ్యా, తమరు తెలుగులో నేటివా?" అని కడపలో ఒక్కడైనా అడిగాడా? పైగా ఆ రోజుల్లో నేటివ్ అంటే మనమే. దొరలు వేరే, నేటివ్‌లు వేరే. ఆ మాట తిట్టుగా ఉన్నన్నాళ్ళూ మన నెత్తిన పెట్టారు. దానికి జీతం రావడం మొదలయ్యేసరికి వెనక్కి తీసేసుకున్నారు.

పోనీ మనవాళ్ళకి ఇంగ్లీషు చెప్పడం రాదా అంటే, హైదరాబాదు తార్నాకలో 1958లో మొదలైన సంస్థ, ఇప్పటి ఇఫ్లూ, ఆ పని మీదే ఉంది. వియత్నాం నుంచీ లావోస్ నుంచీ ఉద్యోగులు మన ప్రభుత్వం ఖర్చుతో అక్కడికొచ్చి ఇంగ్లీషు నేర్చుకుని వెళ్తుంటారు. వాళ్ళు తార్నాక వచ్చి నేర్చుకోవచ్చు. తార్నాక వాడు మాత్రం వాళ్ళ ఊరెళ్ళి చెప్పాలంటే ముందు ఏ కౌంటీయో చెప్పాలి.

థాయిలాండ్ వాళ్ళు నయం. తలుపు మూయలేదు, రెండు ధరల బోర్డు పెట్టారు. ప్రకటనలో స్పష్టంగా ఉంది: నేటివ్‌కి 38 వేల బాత్‌లు, నాన్ నేటివ్‌కి 25 వేలు. అదే బడి, అదే క్లాసు, అదే పుస్తకం. ఒక్క నాన్‌కి 13 వేలు! ఏ హోటల్లోనూ నాన్ ఇంత ఖరీదుండదు. ఆ పైన, ఇంగ్లీషు వచ్చని రుజువుగా టోయిక్ పరీక్షలో 990కి 600 తెచ్చుకోమన్నారు. తెచ్చుకున్నాను. అంకె చెప్పను, మా అమ్మ మిగతా మార్కులు ఎవడికొచ్చాయంటుంది.

వీడియోలో డెమో క్లాసు పెట్టారు. ఏజెన్సీ ఆయన ముందుగా "మీ యాస న్యూట్రలేనా?" అన్నాడు. మా ఊళ్ళో న్యూట్రల్‌లో ఉండేది బండి గేరు ఒక్కటే. అయినా అవునన్నాను. పాస్ట్ టెన్స్ మొదలుపెట్టి సరిగ్గా రెండు నిమిషాలైందో లేదో, వీధిలోకి ట్రాలీ ఆటో వచ్చింది. "పాత ఇనప సామాన్లు, పాత ప్లాస్టిక్ సామాన్లు, విరిగిన కుర్చీలు కొంటాం" అని మైకు. వంటింట్లో కుక్కర్ మూడు కూతలు వేసింది. ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టి అదేమిటన్నాడు. సెల్టాలో ఓ మాట నేర్పారు, తరగతి గది కోసం వండినది కాక, బయటి ప్రపంచంలో దొరికే అసలు సరుకుని 'అథెంటిక్ మెటీరియల్' అంటారు. అదే చెప్పాను. ఆయన తలూపి ఏదో రాసుకున్నాడు. ఉద్యోగం ఆ ట్రాలీ ఆటో వల్లే వచ్చిందని ఇప్పటికీ నా అనుమానం.

ఇక పోలీసు క్లియరెన్సు. కానిస్టేబుల్ ఇంటికొచ్చి కుర్చీలో కూర్చుని కాగితం చూశాడు.

"ఏ దేశం బాబూ?"

"థాయిలాండండీ."

"అంటే బ్యాంకాకే కదా?"

"బ్యాంకాక్ మీదుగా వెళ్ళాలండీ."

"ఎన్ని రోజుల ప్యాకేజీ?"

"ఏడాదండీ."

టీ కప్పు కింద పెట్టి, నన్ను మొదటిసారి గౌరవంగా చూశాడు. మా అమ్మ కంగారుగా ముందుకొచ్చి, "మావాడు పిల్లలకి పాఠాలు చెప్పడానికి వెళ్తున్నాడండీ" అంది.

"మా బావమరిది కూడా వ్యవసాయం చూడ్డానికనే వెళ్ళాడమ్మా" అన్నాడాయన.

ఆ వారంలో మా వీధిలో సగం మంది మగాళ్ళు నాతో చెయ్యి కలిపారు. ఓ పెళ్ళి సంబంధం వెనక్కి పోయింది. అమెరికాలో పెట్రోలు బంకులో పనిచేసినా కట్నం లెక్క చెప్పుకోవచ్చు గానీ, బ్యాంకాక్‌లో భగవద్గీత చెప్పినా లాభం లేదు.

చెన్నైలో థాయ్ కాన్సులేటు వీసా ముద్ర వేసింది. మే నెల మధ్యలో, బళ్ళు తెరిచే వేళకి దిగాను. నా బడి బ్యాంకాక్‌లో కాదు, తూర్పున లావోస్ సరిహద్దు వైపు ఉబోన్ రాచథానీ అనే ఊళ్ళో. పేరు పలకలేక రెండు రోజులు అవస్థపడ్డాక, ఓ సాయంత్రం ఉన్నట్టుండి వెలిగింది. ఉబోన్ అంటే ఉత్పలం, రాచథానీ అంటే రాజధాని. ఉత్పలరాజధాని! ఇక అక్కణ్ణించి ఏ బోర్డు చూసినా చుట్టాలే. బడిలో నన్ను పిలిచేది 'ఖ్రూ', మన గురువు. భాషని 'ఫాసా' అంటారు. ఆహారం 'ఆహాన్'. ఫోన్ 'థోరసప్', అంటే దూరశబ్దం. టీవీ 'థోరథాత్', మనం దూరదర్శన్ అన్నట్టే. విమానాశ్రయం రాతలో సువర్ణభూమి, పిలుపులో 'సువన్నఫూమ్'. మన మాటలే, తోకలు కోసేశారు.

ఆ తోకల సంగతి నా ఉద్యోగానికే ఎసరు తెచ్చింది. తెలుగు అజంత భాష కదా, ఏ మాటైనా అచ్చుతో ముగిస్తే గానీ మనకి నోరు మూతపడదు. బస్ అంటే బస్సు, లైట్ అంటే లైటు, పెన్ అంటే పెన్ను. వాళ్ళకి సరిగ్గా తిరగేసి. చివర సకారం వస్తే తకారం చేస్తారు, లకారం వస్తే నకారం చేస్తారు. బస్ 'బత్' అవుతుంది, బాల్ 'బొన్' అవుతుంది. బోర్డు మీద ఓ బస్సు బొమ్మ గీసి, ఒళ్ళు దగ్గర పెట్టుకుని "బస్" అన్నాను. నలభై రెండు గొంతులు "బత్" అన్నాయి. "స్స్స్" అని పాములా బుసకొట్టి చూపించాను. నవ్వి, "బత్" అన్నాయి. మూడు వారాలు కొట్టాను ఆ బుస. నాలుగో వారం పొద్దున్నే బొమ్మ చూపించగానే క్లాసంతా ఒక్క గొంతుతో, గుండె నిండా, "బస్సు!" అంది.

వరండాలో పోతున్న ఫిలిప్పీన్స్ టీచరమ్మ ఆగి లోపలికి చూసింది. మా బడిలో నాన్ నేటివ్‌లకి పెద్దక్క ఆవిడే, పదేళ్ళుగా అక్కడే ఉంది. "ఆ చివరిది ఏమిటి?" అంది. "మా నేటివ్" అన్నాను.

హాజరు పట్టీ ఇంకో వింత. రిజిస్టర్లో పిల్లల పేర్లు ధనబలాలూ, ప్రజ్ఞలూ, జయాలూ, అన్నీ తోకలు కోసినవే, అన్నీ మనకి అర్థమయ్యేవే. కానీ ఆ పేర్లతో ఎవరూ పిలవరు. పుట్టగానే పెట్టే ముద్దుపేరు వేరే ఉంటుంది: బ్యాంక్, బెంజ్, గోల్ఫ్, ఐస్, బీర్. ఓ రోజు ఇంటర్వెల్లో అమ్మ ఫోన్‌లో ఉండగానే పక్క టీచరుతో "ఇవాళ బీర్ రాలేదేం?" అన్నాను. అవతల చాలాసేపు నిశ్శబ్దం. ఆ కానిస్టేబుల్ మాటలు ఆవిడ చెవుల్లో మోగుతున్నట్టు నాకు ఇక్కడికే వినపడింది.

నా పక్క బల్ల ఆయన లివర్‌పూల్ నుంచి వచ్చాడు. సిసలైన నేటివ్, 38 వేలు. మంచివాడు. ఆయన మాట పిల్లలకే కాదు, నాకూ సగమే తెలిసేది. ఓ మధ్యాహ్నం కుర్చీ జరుపుకుని దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, "ప్రజెంట్ పర్ఫెక్ట్ పక్కన 'నిన్న' ఎందుకు రాకూడదు? పిల్లలు అడుగుతున్నారు" అన్నాడు. మా హైస్కూల్ మేష్టారు రెన్ అండ్ మార్టిన్ పెట్టి బెత్తంతో సహా నేర్పిన సంగతి అది. చెప్పాను. ఆయన రాసుకున్నాడు. అది తప్పని ఆయనకి తెలుసు, ఎందుకు తప్పో నాకు తెలుసు. ఇద్దరం కలిస్తే ఒక పూర్తి టీచరు. కొత్త ఏడాది అడ్మిషన్లకి బడి గేటు మీద పెద్ద బ్యానర్ కట్టారు. అందులో ఆయన నవ్వుతూ ఉన్నాడు. ఎడమ పక్క అంచున ఓ మోచెయ్యి ఉంది. ఆ మోచెయ్యి నాదే. అమ్మకి ఫొటో పంపితే, చొక్కా గుర్తుపట్టింది.

జూన్‌లో ఓ గురువారం గురుపూజ. వాళ్ళ భాషలో 'వాయ్ ఖ్రూ'. గురువారమే ఎందుకంటే మనకి లాగే వాళ్ళకీ బృహస్పతి గురువు. హాల్లో మా అందర్నీ వరసగా కుర్చీల్లో కూర్చోబెట్టారు. పిల్లలు మోకాళ్ళ మీద నడుచుకుంటూ వచ్చి పళ్ళేలు ఇస్తున్నారు. నా పళ్ళెం తెచ్చింది బెంజ్, క్లాసులో అందరికంటే అల్లరివాడు. పళ్ళెంలో నూరువరహాల పూలు, గరిక, వంకాయ పూలు, కాసిని పేలాలు. మా ఇంటి వెనక దొడ్డి మొత్తం తీసుకొచ్చి ఒళ్ళో పెట్టినట్టుంది. గరిక అంటే తొక్కినా మళ్ళీ లేచే చదువట, వంకాయ పువ్వు అంటే తలవంచిన వినయమట, పెద్దక్క చెవిలో చెప్పింది. పక్కన లివర్‌పూల్ ఆయన పూలు చూసి, "ఇది తినాలా?" అన్నాడు. వద్దన్నాను. పేలాలు మాత్రం నేను రెండు నోట్లో వేసుకున్నాను, ఎవరూ చూడలేదనుకుంటా.

సెలవులకి ఇంటికి బయల్దేరినప్పుడు సువన్నఫూమ్‌లో క్షీరసాగర మథనం బొమ్మ దగ్గర కాసేపు నిలబడ్డాను. వాసుకిని చెరో వైపు పట్టుకుని దేవతలూ రాక్షసులూ తెగ లాగుతున్నారు. చిలికింది ఇద్దరూ, అమృతం పంచినప్పుడు ఏమైందో మీకు తెలిసిందే. అక్కడా రెండు ధరల బోర్డే.

కాంట్రాక్టు ఇంకో ఏడాది పొడిగించారు. 25 వేలు కాస్తా 26 అయింది. మీలో ఎవరైనా ఇలాంటి ఉద్యోగానికి దరఖాస్తు పెడుతుంటే, పోలీసు క్లియరెన్సు ముందే తీసుకోండి, డెమో రోజున కుక్కర్ పెట్టొద్దని ఇంట్లో చెప్పండి. నేటివ్ గడి దగ్గరికొచ్చేసరికి మీ ఊరి పేరు ధైర్యంగా రాయండి. తెనాలి మాత్రం వద్దు, అది నేను రాసేశాను.