రోరీ చేతి గిటార్‌ని నేను

1961లో అమెరికాలో ఫెండర్ కంపెనీ నన్ను తయారుచేసినప్పుడు అంచులు నల్లగా, నడుమ పసుపుగా నిగనిగలాడేదాన్ని. ఇప్పుడు ఒంటి మీద చాలాచోట్ల ఒట్టి చెక్కే కనిపిస్తుంది. ఆ రంగంతా తినేసింది ఐరిష్ గిటారిస్టు రోరీ గాలహర్ చెమట. ముప్పై ఏళ్లకు పైగా అతని భుజానే ఉన్నాను మరి!

ఐర్లండ్‌కు నన్ను తెప్పించుకున్న గిటారిస్టు కోరింది ఎర్రది. వచ్చిందేమో నేను. అలా చేతులు మారి కార్క్ నగరంలో క్రౌలీ వారి సంగీత దుకాణానికి చేరాను. 1963లో పదిహేనేళ్ల కుర్రాడు రోరీ వచ్చి నన్ను చూశాడు. నా ధర సుమారు 100 పౌండ్లు. ఆ ఇంటికి అది మోయలేని బరువే. లీడ్, రిథమ్ రెండూ తానే వాయిస్తానని, ఇంకో గిటారిస్టుతో పని ఉండదని వాళ్లమ్మకు నచ్చజెప్పి అప్పు మీద తీసుకున్నాడు. ఆ మాట నిలబెట్టుకున్నాడు కూడా.

మొదట్లో డాన్సు హాళ్లలో ఇతరుల హిట్ పాటలే వాయించాం. అతని మనసు మాత్రం అమెరికా గాయకుడు మడ్డీ వాటర్స్ బ్లూస్ మీద ఉండేది. ఒకసారి డబ్లిన్‌లో నన్నెవరో ఎత్తుకుపోయి వానలో వదిలేశారు. కొన్నాళ్లకు దొరికాను. నన్ను ఇక ఎన్నటికీ అమ్మనని రోరీ అప్పుడే ఒట్టుపెట్టుకున్నాడు. 1966లో టేస్ట్ అనే ముగ్గురి బృందం కట్టాడు. 1970లో ఐల్ ఆఫ్ వైట్ సంగీతోత్సవంలో జనసముద్రం ముందు వాయించాం. ఆ ఏడాదే బృందం విడిపోయింది. 1971 నుంచి సొంత పేరుతో, సొంత పాటలతో సాగాడు. ఓడరేవు దగ్గర ఒంటరిగా కూర్చున్న మనిషి, తిరునాళ్లలో బతికే సంచారులు, డిటెక్టివ్ నవలల నీడలు అతని పాటల్లోకి వచ్చేవి. సింగిల్స్ విడుదల చేయనని భీష్మించాడు. దానివల్ల డబ్బూ పేరూ కొంత పోయి ఉంటాయి. నా దృష్టిలో అతను చేసింది సరైన పనే.

నేను గర్వంగా చెప్పుకునేది బెల్‌ఫాస్ట్ గురించి. కాథలిక్కులకూ ప్రొటెస్టంట్లకూ మధ్య ఘర్షణలతో అక్కడ బాంబులు పేలుతున్న రోజుల్లో పేరున్న బృందాలు చాలావరకు ఆ ఊరి వైపు చూడడమే మానేశాయి. రోరీ మానలేదు. అల్‌స్టర్ హాల్లో కాథలిక్కుల పిల్లలు, ప్రొటెస్టంట్ల పిల్లలు పక్కపక్కనే నిలబడి నా తీగల మోతకు గంతులేశారు. గళ్ల చొక్కా తడిసి ముద్దయ్యేదాకా అతను ఆపేవాడు కాదు. 1974 జనవరి పర్యటనలో రికార్డు చేసిందే 'ఐరిష్ టూర్ 74'.

మరుసటి ఏడాది రోలింగ్ స్టోన్స్ పిలిస్తే రోటర్‌డామ్ వెళ్లి కొన్ని రాత్రులు వాళ్లతో వాయించాడు. ఆ తర్వాత, ముందే ఒప్పుకున్న జపాన్ కచేరీలకు బయల్దేరాడు. మాటంటే మాటే.

చివరి ఏళ్లలో మందులూ మద్యమూ అతని కాలేయాన్ని పాడుచేశాయి. 1995లో కాలేయ మార్పిడి జరిగినా ఇన్ఫెక్షన్ సోకింది. జూన్ 14న లండన్‌లో పోయాడు. అప్పటికి 47 ఏళ్లు.

2024లో నన్ను వేలం వేస్తే ఎనిమిది లక్షల పౌండ్లకు పైగా పలికాను. కొన్న సంస్థ నన్ను ఐర్లండ్ జాతీయ మ్యూజియానికి ఇచ్చింది. నన్ను చూడటానికి అంత దూరం రాలేకపోయినా ఫర్వాలేదు, 'ఐరిష్ టూర్ 74' ఒక్కసారి వినండి. అందులో మోగేది నేనే.